పాత పాయింట్ 22 రైఫిల్ బ్యారెల్ వదులైందా? లైసెన్సుదారు రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అడవి అంచు ఊళ్లలో కొన్ని ఇళ్లల్లో తాతల నాటి లైసెన్సు తుపాకులు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కువ శాతం భర్మార్లు, 12 బోర్ సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ తుపాకులు. అక్కడక్కడ బీఎస్ఏ, బ్రనో వంటి పాత పాయింట్ 22 రైఫిళ్లు కూడా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి బీరువాలోనో అటక మీదో ఉండిపోయిన ఈ రైఫిళ్లలో తరచూ వచ్చే సమస్య బ్యారెల్ వదులు కావడం. మండల కేంద్రంలో మోటారు, స్ప్రేయరు, ట్రాక్టరు విడిభాగాలు బాగుచేయించే అలవాటులో దీన్ని కూడా లేత్ షాపుకో వెల్డింగ్ షాపుకో తీసుకెళ్లాలనిపిస్తుంది. అలా చేస్తే రెండు విధాలా నష్టం. ఒకటి కంటికి, చేతికి ప్రమాదం. రెండోది ఆయుధాల చట్టం కింద జైలు శిక్ష. బ్యారెల్ వదులైందని ఎలా గుర్తించాలి, ఏం చేయాలి, ఏం చేయకూడదు, పంట రక్షణకు అసలు ఈ రైఫిల్ పనికొస్తుందా అన్న వివరాలు కింద ఇస్తున్నాం.

రిమ్‌ఫైర్ రైఫిల్ అంటే ఏమిటి?

12 బోర్ తూటా అడుగున మధ్యలో చిన్న టోపీ ఉంటుంది. తుపాకీ పిన్ను దాన్ని కొడితే పేలుతుంది. పాయింట్ 22 తూటాకు అలాంటి టోపీ ఉండదు. పేలే మందు తూటా అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. పిన్ను ఆ అంచును కొట్టి పేలుస్తుంది కాబట్టి దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా దొరికే పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుంచి వాడుకలో ఉంది. గుండు మందం సుమారు 5.6 మిల్లీమీటర్లు.

తూటా చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోరాదు. పేలినప్పుడు లోపల పీడనం చదరపు అంగుళానికి 24,000 పౌండ్ల వరకు వెళ్తుంది. ట్రాక్టరు వెనక టైరులో మనం కొట్టించే గాలి 12 నుంచి 20 పౌండ్లు. గుండు సుమారు కిలోమీటరున్నర దాకా పోగలదు.

అంచు లోపల మందు ఉండాలంటే రేకు పలుచగా ఉండాలి. అందువల్ల రిమ్‌ఫైర్ తూటాలో అంచు భాగమే బలహీనం. వెనక నుంచి బోల్టు, చుట్టూ బ్యారెల్ గది గట్టిగా పట్టుకొని ఉన్నంత సేపే ఆ రేకు పీడనాన్ని తట్టుకుంటుంది. బ్యారెల్ ముందుకు జరిగితే తూటాకు, బోల్టుకు మధ్య సందు పెరుగుతుంది. ఆ సందు దగ్గర రేకు చిట్లి, వేడి గాలి, ఇత్తడి తునకలు వెనక్కి, అంటే గురి చూసే కంటి వైపుకు వస్తాయి. బ్యారెల్ వదులు కావడం కేవలం గురి తప్పే సమస్య కాదని చెప్పడానికి కారణం ఇదే.

బ్యారెల్ ఎందుకు వదులవుతుంది?

రైఫిల్ రకాన్ని బట్టి బ్యారెల్‌ను బాడీకి బిగించే పద్ధతి మారుతుంది. కొన్నింటిలో బ్యారెల్‌కు మర ఉండి బాడీలోకి తిప్పి బిగిస్తారు. కొన్నింటిలో బ్యారెల్‌ను బాడీలోకి నొక్కి, అడ్డంగా ఒకటి రెండు పిన్నులు వేస్తారు. మరికొన్నింటిని రెండు ముక్కలుగా విడదీసే వీలు ఉంటుంది. వాటిలో ఒక పెద్ద స్క్రూ బ్యారెల్‌ను పట్టి ఉంచుతుంది. వదులు కావడానికి ముఖ్య కారణాలు ఇవి:

- అడ్డపిన్ను అరిగిపోవడం లేదా పిన్ను రంధ్రం పెద్దది కావడం.
- వానకాలం తేమకు మరలో తుప్పు పట్టి లోహం తినేయడం.
- మంచె మీద నుంచో బండి మీద నుంచో పడి దెబ్బ తగలడం.
- శుభ్రం చేసేటప్పుడు బ్యారెల్‌ను పట్టకర్ర (వైస్)లో బిగించి మెలిపెట్టడం.
- విడదీసే రకం రైఫిల్‌ను పదే పదే ఊడదీసి బిగించడం.
- ఇంతకు ముందు ఎవరో సరైన పరిజ్ఞానం లేకుండా బాగుచేయడం.

12 బోర్ మడత తుపాకుల్లో ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. మడత దగ్గరి కీలు పిన్ను అరిగి, మూసిన తర్వాత కూడా బ్యారెల్ వెనక భాగానికి, బాడీకి మధ్య వెలుతురు కనిపిస్తుంది. దానికీ కింది జాగ్రత్తలే వర్తిస్తాయి.

ఇంట్లో చూసుకోదగ్గ పరీక్ష

ఈ పరీక్ష లైసెన్సుదారే చేయాలి. పిల్లలు, చూడవచ్చినవాళ్లు దగ్గర ఉండరాదు. తూటా పెట్టి, కాల్చి చూసే పరీక్ష ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు.

1. బ్యారెల్ మొనను మనుషులు, పశువులు లేని వైపు, మట్టి గట్టు వైపు ఉంచండి. వేలు ట్రిగ్గరు మీద పెట్టవద్దు.

2. మ్యాగజైన్ ఉంటే తీసేయండి. బోల్టు పూర్తిగా వెనక్కి లాగండి. తూటా గదిని వెలుతురులో కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. పాయింట్ 22 తూటా చిన్నది, చీకట్లో కంటికి ఆనకపోవచ్చు.

3. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేయండి.

4. బోల్టు తెరిచే ఉంచి, ఒక చేత్తో బాడీని, మరో చేత్తో బ్యారెల్‌ను పట్టుకొని మెల్లగా పైకి కిందికి, పక్కలకు కదపండి. తర్వాత కొద్దిగా తిప్పి చూడండి. బలం పెట్టవద్దు.

5. ఏది కదులుతోందో గమనించండి. బ్యారెల్, బాడీ రెండూ కలిసి చెక్కలో కదిలితే చెక్కను పట్టే స్క్రూ వదులై ఉండవచ్చు. బాడీ కదలకుండా బ్యారెల్ ఒక్కటే కదిలితే, లేదా రెండూ కలిసే చోట టిక్ టిక్ అని శబ్దం వస్తే బ్యారెల్ బిగింపు పోయినట్టే.

6. బ్యారెల్ మీది ముందు గురిపిన్ను నిటారుగా ఉందో లేదో చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉంటే బ్యారెల్ తిరిగిందని అనుమానించాలి.

ఇంతకు ముందు కాల్చిన ఖాళీ తూటాలు ఉంటే వాటిని కూడా చూడండి. మంచి తూటా గొట్టం సమంగా ఉంటుంది, అంచు మీద పిన్ను గుర్తు ఒక్కటే ఉంటుంది. అంచు దగ్గర ఉబ్బడం, పగలడం, అడుగు భాగం మసి పట్టడం, పిన్ను గుర్తు సరిగా పడక తూటాలు పేలకపోవడం ప్రమాద సూచనలు. కాల్చినప్పుడు ముఖానికి వేడి గాలి తగలడం, గురి ఒక్కో గుండుకు ఒక్కో వైపు పోవడం కూడా లక్షణాలే.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రైఫిల్‌ను మళ్లీ కాల్చవద్దు. "ఒక్క గుండుకు ఏమవుతుంది" అనే ఆలోచన వద్దు. ఇన్నాళ్లు ఆగిన రేకు ఏ గుండుకు చిట్లుతుందో ఎవరూ చెప్పలేరు.

చేయకూడని పనులు

- ఎం-సీల్, అరల్డైట్, ఫెవిక్విక్ వంటి జిగురులతో అతికించరాదు. పేలుడు వేడికి, పీడనానికి అవి ఆగవు. పైకి గట్టిగా కనిపించడం వల్ల ప్రమాదం దాగిపోతుంది.

- గ్యాస్ లేదా కరెంటు వెల్డింగ్ చేయించరాదు. ఆ వేడికి తూటా గది చుట్టూ ఉక్కు గట్టిదనం మారిపోతుంది, వంకర పోతుంది, కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. తర్వాత మంచి మెకానిక్ కూడా బాగుచేయలేడు.

- సందులో డబ్బా రేకు, కాగితం, దారం కుక్కి బిగించరాదు.

- పిన్ను స్థానంలో మేకు, సైకిల్ చువ్వ, డ్రిల్ ముక్క కొట్టరాదు. సుత్తితో బ్యారెల్‌ను వెనక్కి కొట్టరాదు.

- బ్యారెల్ మొన దెబ్బతిన్నదని రంపంతో కోయించరాదు. బ్యారెల్ పొడవు తగ్గించడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కింద వేరే నేరం.

- బాడీ మీద, బ్యారెల్ మీద ఉన్న నంబరును రాకడం, పాలిష్ పెట్టి చెరపడం చేయరాదు. నంబరు లైసెన్సులో ఉన్నదానితో సరిపోకపోతే తుపాకీ మీదేనని నిరూపించుకోవడం కష్టం.

చెక్క స్క్రూ వదులైతే సరైన స్క్రూడ్రైవరుతో బిగించుకోవడం, పైపైన తుడవడం, నూనె రాయడం వరకే ఇంటి పని. బ్యారెల్, బోల్టు, ట్రిగ్గరు ముట్టుకోవద్దు.

చట్టం ఏం చెబుతోంది?

ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకులు తయారు చేయడానికి, అమ్మడానికి ఎలా లైసెన్సు కావాలో, బాగుచేయడానికీ అలాగే లైసెన్సు కావాలి. మీ దగ్గర ఉన్నది తుపాకీ ఉంచుకునే లైసెన్సు మాత్రమే, రిపేరు చేసే లైసెన్సు కాదు. 2019లో చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. లైసెన్సు లేకుండా రిపేరు చేసినవారికి 25వ సెక్షన్ కింద ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు జైలు, జరిమానా ఉంటాయి. మీ మాట కాదనలేక చేసిన ఊరి కమ్మరి, లేత్ షాపు అతను కూడా ఈ కేసులో ఇరుక్కుంటాడు. కమ్మరి మీద అభిమానం ఉంటే ఈ పని అడగవద్దు.

లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు. గడువు దాటిన లైసెన్సుతో కూడా చిక్కే. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. రిపేరుకు బయలుదేరే ముందే లైసెన్సు తీసి గడువు తేదీ, తుపాకీ నంబరు, బోరు, యూఐఎన్ నంబరు సరిచూసుకోండి. గడువుకు రెండు నెలల ముందే రెన్యువల్ దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

రిపేరుకు తీసుకెళ్లే పద్ధతి

1. ముందుగా మీ పోలీస్ స్టేషన్‌లో రిపేరుకు తీసుకెళ్తున్నట్టు రాతపూర్వకంగా తెలిపి, నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. దారిలో తనిఖీ జరిగినా, ఎన్నికల సమయంలో అయినా ఆ కాగితం ఉపయోగపడుతుంది. ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే ముందు స్టేషన్‌లో అడిగి తెలుసుకోకుండా తుపాకీ బయటికి తీయవద్దు.

2. ఆయుధాల దుకాణానికి ఫోన్ చేసి, వారి లైసెన్సులో రిపేరు పని కూడా ఉందా, పాయింట్ 22 రైఫిల్ పని తెలిసిన మెకానిక్ ఉన్నాడా అని అడగండి. అమ్మకం లైసెన్సు ఉన్నంత మాత్రాన రిపేరు చేయవచ్చని కాదు.

3. మీరు వెళ్లలేకపోతే మీ కొడుకో తమ్ముడో తీసుకెళ్లవచ్చు. లైసెన్సుదారు రాసిచ్చిన అనుమతి పత్రం ఉంటే, లైసెన్సు లేని వ్యక్తి కూడా రిపేరు కోసం లేదా లైసెన్సు రెన్యువల్ కోసం తుపాకీని తీసుకెళ్లడానికి చట్టం 3వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఆ పత్రంలో తీసుకెళ్లేవారి పేరు, తుపాకీ నంబరు, ఎక్కడికి, ఎందుకు, ఏ తేదీన అన్నవి రాసి సంతకం చేయండి. అసలు లైసెన్సు వెంట ఉండాలి.

4. తుపాకీ ఖాళీగా, బోల్టు వేరుగా, సంచిలో లేదా పెట్టెలో ఉండాలి. తూటాలు తీసుకెళ్లే అవసరం లేదు.

5. మీ లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూడండి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, మంచిర్యాల సరిహద్దు ఊళ్లకు చంద్రాపూర్, నాగ్‌పూర్ దగ్గర అనిపించవచ్చు. కానీ లైసెన్సు తెలంగాణ వరకే అయితే ప్రాణహిత, పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి తుపాకీ తీసుకెళ్లరాదు.

6. దుకాణంలో ఇచ్చేటప్పుడు నంబరు, తేదీ, సమస్య, దుకాణం ముద్రతో రశీదు తీసుకోండి. రశీదు లేకుండా తుపాకీ వదిలి రావద్దు.

మెకానిక్ ఏం చేస్తాడు?

చెక్క నుంచి తుపాకీని విడదీసి, పిన్ను, మర, స్క్రూలలో ఏది పోయిందో చూస్తాడు. పిన్ను అరిగితే రంధ్రం సరిచేసి సరైన కొలతకు కొత్త ఉక్కు పిన్ను వేస్తాడు. మర పోతే పని పెద్దది, బ్యారెల్ మార్చాల్సి రావచ్చు. బ్యారెల్ మార్చితే కొత్త నంబరు వివరాలు లైసెన్సులో ఎక్కించే విషయం లైసెన్సు అధికారి దగ్గర ముందే కనుక్కోవాలి.

బిగించిన తర్వాత బోల్టుకు, బ్యారెల్‌కు మధ్య తూటా అంచు కూర్చునే సందును గేజీతో కొలవాలి. రిమ్‌ఫైర్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఇదే. తర్వాత తుపాకీని మనిషి పట్టుకోకుండా స్టాండుకు బిగించి, దూరం నుంచి కాల్చి, ఖాళీ తూటాను పరీక్షించాలి. "గేజీతో చూశారా? కాల్చి చూశారా? ఖాళీ తూటా ఏదీ?" అని మూడు ప్రశ్నలు అడగండి. ఆ వివరాలు బిల్లు మీద రాయించుకోండి.

బాగుచేయడానికి పనికిరాదని మెకానిక్ చెబితే ఆ మాట వినండి. పాత ఇనుప సామాన్లకు వేయడం, తెలిసినవాళ్లకు ఇచ్చేయడం నేరం. లైసెన్సున్న డీలరుకు లేదా పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రశీదు తీసుకోవాలి. లైసెన్సున్న మరో వ్యక్తికి అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ రాసిచ్చి, 45 రోజులు గడిచిన తర్వాతే అమ్మాలి.

పంట రక్షణకు పాయింట్ 22 పనికొస్తుందా?

పనికిరాదనే చెప్పాలి. ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో నిజమైన పంట రక్షణ కోసం చెప్పింది భర్మార్ తుపాకీ. అది చాలదని అధికారి భావిస్తే మరో నున్నటి నాళం తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు. అదే సెక్షన్‌లో పాయింట్ 22 రైఫిల్ ప్రస్తావన రైఫిల్ క్లబ్ సభ్యుల గురి సాధన కోసం వస్తుంది. మీ లైసెన్సులో ఏ అవసరానికి అని రాసి ఉందో చదివి చూసుకోండి.

పైగా బలిసిన అడవి పందిని ఈ చిన్న గుండు చంపలేదు, గాయపరుస్తుంది. గాయపడిన పంది మక్క చేనులోనో పత్తి చేనులోనో దాక్కొని, తెల్లారి కలుపుకు వచ్చిన ఆడవాళ్ల మీద పడుతుంది.

అడవి పందిని కాల్చడానికి తుపాకీ లైసెన్సు ఒక్కటే చాలదు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు నష్టం చేస్తున్నా అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా చంపడం నేరం. నష్టం జరిగితే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. కవ్వాల్, ప్రాణహిత, శివ్వారం అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లరాదు. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉండే తుపాకీ లైసెన్సుదారులు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని ఇదే చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. జన్నారం, ఖానాపూర్, కడెం, ఉట్నూరు వైపు రైతులు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

పందుల బెడదకు తుపాకీ లేకుండా చేయదగ్గ పనులు ఉన్నాయి. మక్క చుట్టూ నాలుగు వరుసల ఆముదం, పల్లి చుట్టూ ముళ్ల కుసుమ వేయడం, సోలార్ కంచె, చేను చుట్టూ కందకం, ఊరి రైతులు వంతులవారీగా మంచె కావలి కాయడం వీటిలో ముఖ్యమైనవి. కంచెకు నేరుగా కరెంటు పెట్టడం మాత్రం ఎవరూ చేయరాదు. దానికి పందికన్నా ముందు పక్క చేను రైతో, మన ఎద్దో బలి కావచ్చు. స్థానిక సలహా కోసం జమ్మికుంట, రామగిరిఖిల్లా, బెల్లంపల్లి, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాలను, జగిత్యాల పొలాస పరిశోధనా స్థానాన్ని సంప్రదించవచ్చు.

మళ్లీ వదులు కాకుండా జాగ్రత్తలు

- వానకాలంలో నెలకోసారి, మిగతా కాలంలో రెండు నెలలకోసారి పొడి గుడ్డతో తుడిచి పలుచగా తుపాకీ నూనె రాయండి. వంట నూనె, గ్రీజు వద్దు. అవి గట్టిపడి తేమను పట్టి ఉంచుతాయి.
- తోలు సంచిలో, గోనె సంచిలో ఎక్కువ కాలం ఉంచవద్దు.
- బ్యారెల్‌లో కందిరీగలు మట్టిగూళ్లు పెడతాయి. బోల్టు తీసి, వెలుతురు వైపు పెట్టి, వెనక నుంచి చూడండి. అడ్డు ఉంటే కాల్చితే బ్యారెల్ పగులుతుంది.
- తుపాకీకి, తూటాలకు వేర్వేరు తాళాలు ఉండాలి. తాళం చెవి పిల్లలకు తెలియకూడదు.
- ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించేటప్పుడు నూనె రాసి ఇవ్వండి. రశీదు మీద తుపాకీ స్థితి రాయించండి. తిరిగి తెచ్చుకున్నాక పైన చెప్పిన పరీక్ష మళ్లీ చేయండి.

రైతులు తరచూ అడిగే ప్రశ్నలు

నాన్న చనిపోయారు. ఆయన పేరు మీది రైఫిల్ ఇంట్లో ఉంది. ముందు రిపేరు చేయించాలా?
ముందు లైసెన్సు సంగతి చూడాలి. లైసెన్సుదారు చనిపోతే ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో లేదా లైసెన్సున్న డీలరు దగ్గర తుపాకీని జమ చేసి రశీదు తీసుకోవాలి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం చట్టబద్ధ వారసుడు తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సుదారు బతికుండగానే 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్నా వారసుడికి మార్పించుకునే వీలుంది.

మా లైసెన్సు పాత కరీంనగర్ కలెక్టరేట్‌లో ఇచ్చారు. మా ఊరు ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉంది. ఎక్కడ అడగాలి?
2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. మీ పోలీస్ స్టేషన్‌లో అడిగితే ప్రస్తుతం మీ ఫైలు కలెక్టరేట్ పరిధిలో ఉందో, పోలీస్ కమిషనరేట్ పరిధిలో ఉందో చెబుతారు. ఆదిలాబాద్ నుంచి విడిపోయిన నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల వారూ ఇలాగే కనుక్కోవాలి.

తూటా పేలలేదు, అప్పుడు ఏం చేయాలి?
బోల్టు వెంటనే తెరవవద్దు. మొనను మట్టి గట్టు వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తర్వాత ముఖం పక్కకు పెట్టి తెరవండి. శబ్దం చాలా తక్కువగా వస్తే గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కొని ఉండవచ్చు. రెండో తూటా పెట్టవద్దు. తుపాకీ ఖాళీ చేసి మెకానిక్‌కు చూపించండి.

కంట్లో తునక పడితే?
నలపవద్దు, నీళ్లు కొట్టవద్దు, తునక లాగవద్దు. కంటికి ఒత్తిడి తగలకుండా శుభ్రమైన చిన్న కప్పు అడ్డం పెట్టి కట్టి, 108కి ఫోన్ చేసి కంటి డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. తుపాకీ వల్ల అయిందని డాక్టరుకు దాచకుండా చెప్పండి. వైద్యం దాన్ని బట్టే ఉంటుంది.